పూతలపట్టు దగ్గర ఆగిన ఇంజను

సత్యవేడు
9 ఫిబ్రవరి 1997

చెల్లెలు శకుంతలకు దేవరాజులు రాసేది.

నా దగ్గర పని నేర్చుకున్న మునిరత్నం నిన్న తిరుపతి నుంచి వచ్చి ఒక సంగతి చెప్పాడు. మీ ఇంటి వెనక రేకుల షెడ్డు పడగొడుతున్నారట. బావ మోరిస్ కారును పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేస్తున్నావట. కారు నీది. ఇచ్చుకో. ఇంజను మాత్రం విప్పకుండా ఇవ్వవద్దు.

ఎందుకంటే రెండు కారణాలు. మునిరత్నం దగ్గర అదే రకం మోరిస్ ఒకటి ఉంది. ఇప్పటికీ నడుస్తోంది. దానికి సామాన్లు ఎక్కడా దొరకవు. మన ఇంజనులో కార్బురేటర్, డైనమో, డిస్ట్రిబ్యూటర్, నీళ్ల పంపు పనికొస్తాయి. ఇంజను పైన ఉండే హెడ్డు పగలకుండా ఉంటే అదీ పనికొస్తుంది. పనికొచ్చే సామాను తుక్కులో కలపడం నాకు గిట్టదు.

రెండో కారణం నీకు తెలుసు. తెలియనట్టు ఉండవద్దు. 1965లో మీ పెరట్లో పదకొండు రోజులు కూర్చుని ఆ ఇంజను విప్పి బిగించింది నేను. బావ మద్రాసు నుంచి తెచ్చిన కొత్త బేరింగులే వేశాను. కారు తిరుపతికి పోయింది. తిరిగి వస్తూ పూతలపట్టు దగ్గర ఇంజను పట్టేసి ఆగిపోయింది. నేను కొత్తవి దాచుకుని పాతవే మళ్లీ వేశానని బావ పదిమందిలో అన్నాడు. కాణిపాకం వచ్చి దేవుడి ముందు ప్రమాణం చెయ్యమన్నాడు. పని మీద అనుమానం వస్తే పనిని విప్పి చూడాలి, దేవుణ్ని పిలవడం ఎందుకన్నాను. ప్రమాణం చేస్తేనే ఇంజను విప్పుతానని ఆయన. విప్పితేనే గుడికి వస్తానని నేను. ముప్పై రెండేళ్లు అయింది. ఇంజను మూసే ఉంది.

ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు. విప్పించు. నేను అక్కడికి రాను. ఎట్లా విప్పాలో రాస్తాను.

చదివింది మూడో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువు.

దేవరాజులు


చిత్తూరు
17 ఫిబ్రవరి 1997

అన్నకు శకుంతల నమస్కారం.

ముప్పై రెండేళ్ల తరువాత నీ చేతిరాత చూశాను. ఏమీ మారలేదు. ఒక అక్షరం ఇంకో అక్షరం ముఖం చూడకుండా నిలబడి ఉంది. ఎట్లున్నావు శకుంతలా అని ఒక్క మాట లేదు. కారు ఎట్లుందని మాత్రం అడిగావు. సరే, దాని యోగక్షేమాలే రాస్తాను. టైర్లు మట్టిలో మట్టి అయిపోయాయి. వెనక సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. తలుపు తీస్తే ఇప్పటికీ బెల్లం వాసన వస్తుంది. మండీ నుంచి మంచి బెల్లం దిమ్మలు ఆయన అందులోనే ఇంటికి తెచ్చేవారు కదా.

అడ్డం చెప్పేవాళ్లు లేరని రాశావు. ఆ మాట చదివి ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేశాను. రెండు రోజులు మళ్లీ ముట్టుకోలేదు. అడ్డం చెప్పే ఆ మనిషి పోయిన శ్రావణంలో పోయారు. నీకు టెలిగ్రాం ఇప్పించాను. పదో రోజున పుట్టింటి చీర పెట్టడానికి అన్నవాడు రావాలి. వాకిలి వైపు చూస్తూనే ఉన్నాను. చివరికి చిన్నాయన కొడుకు చేత పెట్టించుకున్నాను. ఆడవాళ్లంతా నా ముఖం చూశారు.

ఒకటి అడుగుతాను. నువ్వు ఇంజను విప్పమనేది సామాన్ల కోసమా, లేక పోయిన మనిషిని అబద్ధాలకోరు చేయడానికా? జవాబు చెప్పు. తరువాత విప్పించేది లేనిది ఆలోచిస్తాను.

షెడ్డు ఉగాది దాకా పడగొట్టరు.

శకుంతల


సత్యవేడు
24 ఫిబ్రవరి 1997

శకుంతలకు,

టెలిగ్రాం అందింది. రాలేదు. మీ వాకిట్లో అడుగు పెడితే ఎవరో ఒకరు "ప్రమాణం చెయ్యనోడు వచ్చినాడు సూడు" అంటారు. బావ బతికుండగా ఆ మాట పడ్డాను. ఆయన్ను పడుకోబెట్టిన చోట పడలేననిపించింది. చీర సంగతి మాత్రం నా తప్పు. దానికి సాకు చెప్పను.

నీ ప్రశ్నకు జవాబు. రెండింటికీ విప్పమంటున్నాను. ఒకదానికే అని రాస్తే నీకు తృప్తిగా ఉండేది. కానీ అది అబద్ధం. బావ అబద్ధాలకోరు కాదు. తప్పు అనుకున్నాడు, అనుకున్నది నోటితో అన్నాడు. తప్పు అనుకోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఆయన ఏమిటో తేల్చాలని నాకు లేదు. నేను దొంగను కానని తేలాలి. డెబ్బై రెండేళ్లు వచ్చాయి. ఆ మాట మీద వేసుకుని పోలేను.

సమ్మతమైతే ఇట్లా చేయించు. పైన ప్లగ్గులు నాలుగూ తీసి ఆ రంధ్రాల్లో కిరసనాయిలు పోసి వారం ఊరనివ్వాలి. హెడ్డు బోల్టులు ఒక్కసారి విప్పకూడదు. చివర్ల నుంచి నడుముకు రావాలి. ఒక్కోదాన్ని పావు చుట్టు తిప్పి వదలాలి. మళ్లీ మొదటి నుంచి పావు చుట్టు. సుత్తితో కొట్టే మెకానిక్కును పెట్టవద్దు. ఏది తీసినా ఎక్కడి నుంచి తీశాడో సుద్దతో రాయించు.

సమ్మతం కాకపోతే అదైనా రాయి. ఎదురు చూసేలా చేయవద్దు.

దేవరాజులు


చిత్తూరు
10 మార్చి 1997

అన్నకు,

నువ్వు రెండింటికీ అని రాయకపోయి ఉంటే ఇంజను తుక్కులోకి పోయేది. ఒకదానికే అని రాస్తే నమ్మేదాన్ని కాదు.

మా వీధి చివర ముజఫర్ అనే మెకానిక్ ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. కారు మూత ఎత్తి లోపలికి వంగి చూశాడు. "అమ్మా, ఈ ఇంజన్ల గురించి మా నాయన సెప్తా ఉంటే వినడమే. సేత్తో ముట్టింది లేదు" అన్నాడు. కూలి సంగతి మాట్లాడబోతే, ముందు విప్పనివ్వమన్నాడు.

కిరసనాయిలు పోసి వారం ఆగాం. తరువాత నేను పీట వేసుకుని కూర్చుని నీ ఉత్తరం చదవడం, అతను వింటూ విప్పడం. పక్కింటి రాఘవమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏం శకుంతలమ్మా, ఏం పారాయణం సేస్తా ఉండావు?" అంది. ఇంజను పారాయణం అన్నాను. ఫలం ఏం దక్కుతుందని అడిగింది. కార్బురేటర్ అన్నాను. ఇప్పుడు వీధిలో అందరూ అదే మాట.

ఎడమ వైపు మూడో బోల్టు కదలనంటే కదలనంది. ముజఫర్ చెమట తుడుచుకుని, "ఇది నా మాట వినేట్టు లేదు. మీరు ఇంగొకసారి గట్టిగా సదవండమ్మా, మీ అన్న గొంతనుకోని కదుల్తాదేమో" అన్నాడు. చదివాను. నిజంగానే కదిలింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన పోయాక పెరట్లో నేను నవ్వడం అదే మొదలు.

వచ్చినవి రాస్తాను. కార్బురేటర్ బాగుంది, జిడ్డు తుడిస్తే ఇత్తడి పచ్చగా బయటపడింది. డిస్ట్రిబ్యూటర్ బాగుంది. డైనమో తీగలు ఎలుకలు కొరికాయి, చుట్టించుకుంటే పని చేస్తుందన్నాడు. నీళ్ల పంపు తుప్పు తినేసింది, దేనికీ రాదు. హెడ్డుకు పగుళ్లు లేవు. ముజఫర్ దాన్ని వేలి మెటికతో కొట్టి చెవి పెట్టి విని, కుండ కొనేటప్పుడు మనం తల ఆడించినట్టు ఆడించాడు. ఆదివారం మునిరత్నం వచ్చి, బుట్టలో వరిగడ్డి వేసి అన్నింటినీ బంగినపల్లి కాయల్లా సర్దుకుని పోయాడు.

ఇక కింది భాగం ఉంది. ఎట్లా విప్పాలో రాయి. అక్కడ ఏముందో చూడాలని నాకూ ఉంది. చూడకూడదనీ ఉంది. ఆ రోజు ఆయన నిన్ను ఆ మాట అంటుంటే నేను వంటింటి గడపలోనే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరి పక్కన ఉండాలో అప్పుడు నాకు తెలియలేదు.

శకుంతల


సత్యవేడు
15 మార్చి 1997

శకుంతలకు,

గడపలో నిలబడింది చూశాను. నీ మీద కోపం లేదు. నువ్వు మాట్లాడి ఉంటే ఆ ఇంట్లో నీకు బతుకు కష్టమయ్యేది.

ఇంజను కింద నూనె నిలిచే తొట్టి ఉంటుంది. చాంబర్ అంటాం. అందులో నూనె తారులా గడ్డ కట్టి ఉంటుంది. గీకి తీయాలి. దాన్ని దించితే తిరిగే ఇరుసు క్రాంకు, దానికి పట్టిన నాలుగు రాడ్లు కనపడతాయి. ఒక్కో రాడ్డు కింద రెండు బేరింగు ముక్కలు, అర్ధచంద్రంలా. మొత్తం ఎనిమిది. వాటి వీపు చూడాలి. కొత్తవాటి వీపున 010 అని సైజు నంబరు అచ్చు ఉంటుంది. పాతవాటికి ఏమీ లేదు. ముందు వైపు కరిగిపోయినా వీపు కరగదు.

ముజఫర్ మంచి పనివాడు అనిపిస్తోంది. ఒక్క మాట చెప్పు అతనికి. తుడిచే గుడ్డలు లెక్క పెట్టుకోమను. నా షెడ్డులో గోడకు వరుసగా మేకులున్నాయి. పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని గుడ్డలు తీస్తానో, మూత బిగించే ముందు అన్నీ మేకులకు తిరిగి రావాలి. ఒక మేకు ఖాళీగా ఉన్నా మూత పడదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ మొదటి పాఠం అదే.

వీపు మీద అచ్చు చూడగానే రాయి.

దేవరాజులు


చిత్తూరు
24 మార్చి 1997

అన్నకు,

నిన్న చాంబర్ విప్పాము. ఎనిమిది ముక్కలు వచ్చాయి. ఎనిమిదింటి వీపునా 010 ఉంది. కొత్తవే. నువ్వు చెప్పింది నిజం. ఆయన అన్నది తప్పు. రాఘవమ్మకు చెప్పాను. మా మరుదులకు కబురు పెట్టాను.

ఇక ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. మిగిలిన ఇనుము శుక్రవారం పోతుంది.

ఒంట్లో బాగుందని తలుస్తాను.

శకుంతల


సత్యవేడు
31 మార్చి 1997

శకుంతలకు,

నీ ఉత్తరం టీ అంగడిలో రెండుసార్లు చదివించాను. అంగడి అతని గొంతు పెద్దది. బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా విన్నారు.

చిన్నబ్బ గుర్తున్నాడా? పంచాయితీకని మన ఊరి నుంచి వచ్చి, బావ పక్కన నిలబడి "తప్పు సెయ్యకుంటే ప్రమాణానికి బయమెందుకప్పా" అన్నవాడు. ఇప్పుడు వాడికి ఎనభై దాటాయి. చెవులు వినపడవు. వాడి ఇంటికి పోయి చెవి దగ్గర కూర్చుని నేనే చదివాను. కూడబలుక్కుని చదివేసరికి చాలాసేపు పట్టింది. అంతా విని, "అయితే నువ్వు దొంగవు కాదా దేవరాజులూ?" అన్నాడు. "కాదప్పా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ముప్పై రెండేళ్లు ఆగాను.

ఇంత పొట్టిగా ఎందుకు రాశావో అర్థమైంది. బావ ఓడిపోయాడని నీకు బాధ. ఉంటుంది. ఎంతైనా పెనిమిటి. నేను ఏమీ అనుకోను.

బేరింగులు తుక్కులో వేయవద్దు. మునిరత్నం చేత పంపించు. షెడ్డులో అందరికీ కనపడేటట్టు గోడకు కొడతాను.

నాలుగు రోజులుగా అన్నం రుచిగా ఉంది.

దేవరాజులు


సత్యవేడు
12 ఏప్రిల్ 1997

శకుంతలకు,

బేరింగులు అందాయి. గోడకు కొడదామని సుత్తి, మేకు తీసుకున్నాను. కొట్టే ముందు ఒకటి తిప్పి లోపలి వైపు చూశాను. సుత్తి కింద పెట్టేశాను.

లోపలి వైపు తెల్లటి లోహం పూత ఉంటుంది. అది కరిగి పక్కలకు కారిపోయి ఉంది. ఎనిమిదింటికీ అంతే. సామాను మంచిది కాకపోతే ఒకటి పోతుంది, రెండు పోతాయి. ఎనిమిదీ ఒకే తీరుగా కాలాయంటే నూనె అందలేదు. నూనె అందలేదంటే పంపు పీల్చలేదు. పంపు నోటి దగ్గర ఒక జల్లెడ ఉంటుంది. దానికి ఏదో అడ్డం పడాలి.

ఆ జల్లెడలో ఏముంది?

ముజఫర్ చూడకుండా ఉండడు. ఎట్లాంటి పనివాడో నీ ఉత్తరాలే చెబుతున్నాయి. హెడ్డు విప్పిన రోజు నాలుగు పేజీలు రాశావు. చాంబర్ విప్పిన రోజు కాగితం సగం కూడా నిండలేదు. బావ కోసం బాధ అనుకున్నాను. కాదు. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే, ఏదైనా దాస్తే నోట్లో నీళ్లు పోసుకున్నట్టు ఉండేదానివి.

నాకు డెబ్బై రెండేళ్లు. నన్ను పసిబిడ్డను చేయవద్దు. ఏముందో రాయి.

దేవరాజులు


చిత్తూరు
19 ఏప్రిల్ 1997

అన్నకు,

గుడ్డ.

నా అరచెయ్యంత ఉంటుంది. జల్లెడకు అతుక్కుని, నూనెలో నల్లగా, ముద్దగా ఉంది. ముజఫర్ దాన్ని పటకారుతో లాగి కాసేపు చూసి, "అమ్మా, బేరింగులు కొత్తవి. ఆ మాట రాయండి సాలు. ఇది రాయాల్సిన పని లేదు. పాపం పెద్దాయన" అన్నాడు. మెకానిక్కుగా పుట్టినవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఇట్లాంటిది జరుగుతుందనీ, తను ఒకసారి ఏకంగా స్పానరే లోపల పెట్టి మూసేశాననీ చెప్పాడు.

నేను ఆ గుడ్డను కిరసనాయిల్లో నానబెట్టి, తరువాత సబ్బుతో ఉతికాను. మామిడి పిందెల అంచు బయటపడింది. అది నా చీర అన్నా. పెళ్లికి అమ్మ పెట్టిన నేత చీర. ఆ పదకొండు రోజుల్లో నీకు గుడ్డలు చాలలేదంటే చించి ఇచ్చింది నేనే. అప్పటికే పాతబడింది, అయినా చించేటప్పుడు మనసు లాగింది.

అందుకే దాచాను. ముప్పై రెండేళ్లు ఒక్క ఉత్తరం రాయని దాన్ని. నువ్వు దొంగవు కావని రాసే చేత్తో, అదే కాగితం మీద ఇది రాయలేకపోయాను. ఒక్కసారైనా నువ్వు పూర్తిగా గెలిచినట్టు ఉండాలనుకున్నాను. నువ్వేమో దాన్ని టీ అంగడిలో చదివించావు.

ఇంకొకటి గుర్తొచ్చింది. మూత బిగించింది శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, అంతకు ముందే బండి స్టార్టు చేయాలని ఆయన నీ నెత్తి మీద నిలబడ్డారు. నాలుగుసార్లు గడియారం చూశారు. నేను కాఫీ తెస్తే నీకు తాగడానికి కూడా తీరిక ఇవ్వలేదు. కాబట్టి తప్పు నీ ఒక్కడిదే కాదు. ఆయనది కూడా ఉంది. గుడ్డ ఇచ్చిన నాదీ ఉంది.

ఎవరికీ చెప్పలేదు. ముజఫర్ కూడా చెప్పడు. ఇనుమంతా పోయింది. నువ్వు ఒప్పుకుంటే ఈ గుడ్డను పొయ్యిలో వేస్తాను.

శకుంతల


సత్యవేడు
27 ఏప్రిల్ 1997

శకుంతలకు,

పొయ్యిలో వేయవద్దు.

రెండు రోజులు షెడ్డు తెరవలేదు. మూడో రోజు టీ అంగడికి పోయి, మొదటి ఉత్తరం చదివిన అతని చేతనే దీన్నీ చదివించాను. మొదట చదవనన్నాడు. చదవమన్నాను. అందరూ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. తరువాత చిన్నబ్బ ఇంటికి పోయాను. "అయితే దొంగవు కాదు. పని సెడగొట్టినోడివి" అన్నాడు. "అంతేనప్పా" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కోడల్ని పిలిచి మజ్జిగ ఇమ్మన్నాడు.

రాహుకాలం అని రాశావు. రాహుకాలం వచ్చి గుడ్డ పెట్టలేదు. బావ తొందర పెట్టాడు, నిజమే. తొందర పెట్టడం బండి ఉన్నవాడి పని. తొందర పడకపోవడం పనివాడి పని. నువ్వు గుడ్డ ఇచ్చింది తుడవడానికి. లోపల వదిలింది నేను. ఇందులో భాగాలు పంచవద్దు. మొత్తం నాదే.

నీకు రాయని సంగతి ఒకటి ఉంది. గుడ్డలు మేకులకు వేసి లెక్క పెట్టే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. పూతలపట్టు తరువాత వచ్చింది. చిత్తూరు నుంచి వచ్చిన వారంలోనే గోడకు మేకులు కొట్టాను. ఎందుకు కొడుతున్నానని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. తెలిసే కొట్టానా, తెలియక కొట్టానా అనేది చెప్పలేను. చేతికి తెలిసినట్టుంది. నోటికి తెలియనివ్వలేదు.

బావ ఆ రోజే ఇంజను విప్పి ఉంటే గుడ్డ దొరికేది. వారం తిట్టేవాడు, నెల తిట్టేవాడు. ఆపైన ఇద్దరం కూర్చుని మళ్లీ బిగించేవాళ్లం. ఆయన విప్పలేదు కాబట్టి నేను దొంగనయ్యాను. ఆయన విప్పలేదు కాబట్టే ముప్పై రెండేళ్లు తప్పు చేయని మెకానిక్కుగా కూడా బతికాను. మొదటిదానికి ఆయన్ను రోజూ తిట్టుకున్నాను. రెండోది ఆయన పెట్టిన భిక్షే అని నిన్నటి దాకా తెలియదు.

మునిరత్నం బండికి మన కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ బిగించాడు. మొన్న ఇక్కడికి తెచ్చి చూపించాడు. మూత ఎత్తి చాలాసేపు విన్నాను. శబ్దం నెమ్మదిగా, సమంగా ఉంది. హెడ్డు దాచుకున్నాడు, ఎప్పటికైనా అవసరం పడుతుంది. వచ్చే ఆదివారం ఆ బండిలోనే చిత్తూరు వస్తాను. వంటలు ఏవీ పెట్టుకోవద్దు. నేను తినడానికి రావడం లేదు. మీ మరుదులను, రాఘవమ్మను, ముజఫర్‌ను ఉండమను.

బావ పటం ముందు నిలబడి రెండు మాటలు చెప్పాలి. బేరింగులు కొత్తవే బావా. గుడ్డ నాదే బావా. ఇంట్లో నిలబడి చెప్పి చూసుకున్నాను. మొదటి మాట గట్టిగా వస్తోంది. రెండోది గొంతులో ఆగుతోంది. అక్కడ కూడా మొదటి మాట చెప్పి ఊరుకుంటే, నువ్వు ఈసారి గడపలో ఉండిపోవద్దు. నా పక్కకు వచ్చి నిలబడు. రెండోది చెప్పేదాకా కదలనివ్వకు.

నీ అన్న
దేవరాజులు